గొట్టం లోపలి మెరుగు

3, సోమవారం

ఆ రోజు నేను విన్న చప్పుడు దేనిది?

ఈ ప్రశ్న ఎనిమిదేళ్ళప్పుడు నాలో పడింది. నాతోపాటే చదువుకుంది, నాతోపాటే ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు నాతోపాటే జుట్టుకి రంగు వేసుకుంటోంది. అమ్మని ఒక్కసారి అడిగాను, అదీ ఆ రోజే. "ఏ చప్పుడు?" అంది. మళ్ళీ అడిగే ధైర్యం చాలలేదు. ధైర్యం కాదేమో. జవాబు దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కావచ్చు.

ఇవాళ తమ్ముడు ఫోన్ చేశాడు. గోడ మీది తుపాకీకి గిరాకీ వచ్చిందట.

"అక్కా, మనం బూజుకర్రతో దులుపుకుంటూ కూర్చున్నాం గానీ, ముత్తాత నాటి రైఫిల్ అది. ఇలాంటివాటి కోసం ప్రాణం పెట్టేవాళ్ళుంటారు."

"ప్రాణం పెట్టేవాళ్ళా, తీసేవాళ్ళా?"

"నీతో ఇదే చిక్కు. గురువారం ఆయన్ని తీసుకొస్తున్నా. అమ్మ నోటికి కాస్త తాళం వెయ్యి."

అమ్మ నోటికి తాళం చేసేవాడు ఇంకా పుట్టలేదు.

ఉంచుకునే వీలు ఎలాగూ లేదు. నాన్న పోయి ఏడాది దాటింది, లైసెన్సు ఆయనతోనే పోయింది. అనుమతి ఉన్నవాళ్ళకి ఇవ్వండి, లేదంటే మాకు అప్పజెప్పండి, కరిగించేస్తాం అన్నారు స్టేషన్లో. కరిగించడం అనగానే నాన్న చేతులు గుర్తొచ్చాయి. పళ్ళకి వేసే క్యాపుల కోసం ఆయన జీవితమంతా లోహం కరిగించాడు.

4, మంగళవారం

తుపాకీ మూతి వీధి గుమ్మం వైపు ఉండాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే ఉంది. ముందు గదిలో, రెండు కొయ్య మేకుల మీద, మూతి బయటికి, మడమ లోపలికి.

ఈ పొద్దున చూస్తే మూతి లోపలికి ఉంది. అమ్మ కుర్చీ వైపు.

"నువ్వు తిప్పావా?"

"నా చెయ్యి భుజం దాటి లేచి రెండేళ్ళయింది. జడ వేసుకోలేనిదాన్ని, తుపాకీ తిప్పుతానా?"

నిజమే. అమ్మ జడ నేనే వేస్తాను.

తమ్ముడు దులపడానికి తీసి తప్పుగా పెట్టి ఉంటాడు. మళ్ళీ సరిచేశాను. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

5, బుధవారం

తమ్ముడు ఇక్కడికి వచ్చి నెల దాటింది. ఇవాళ గుర్తొచ్చింది.

6, గురువారం

వచ్చినాయనకి అమ్మ అప్పుడే పేరు పెట్టేసింది: భూతద్దం. పొట్టిగా, శుభ్రంగా, కొత్త చెప్పులతో వచ్చాడు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి తుపాకీని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. వెనక తెరిచి, చిన్న లైటు వేసి, భూతద్దం కంటికి బిగించి చాలాసేపు చూశాడు.

అమ్మ కుర్చీలోంచి అడిగింది. "మా ఆయన మనుషుల నోళ్ళలోకి చూసేవాడు. మీరు తుపాకీ నోట్లోకి చూస్తున్నారు. ఏమైనా పుచ్చిందా?"

"పుచ్చలేదమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండానే. "పూడ్చారు."

తమ్ముడి ముఖంలో రంగు మారింది. నా ముఖం నాకు కనిపించదు.

గుండు పెట్టే చోటుని లోహంతో మూసేశారట. గుండుని తట్టే సూదిని అరగదీశారట. తలకిందులుగా నిలబడ్డా పేలదట.

"ఎప్పుడు చేశారో తెలుస్తుందా?" అన్నాను. నా గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించింది.

"దాని విలువంతా ఆ ప్రశ్నలోనే ఉంది మేడం. పూర్వం కొన్నిటిని తయారుచేసిన చోటే ఇలా మూసి, గొప్పవాళ్ళ గోడలకి కానుకగా ఇచ్చేవాళ్ళని మా గురువు చెప్పేవాడు. నేనింతవరకు ఒక్కటీ చేత్తో పట్టుకోలేదు. ఇది అలాంటిదైతే నేనే కళ్ళకద్దుకుని తీసుకెళ్తా. అలాకాక, ఇంట్లోవాళ్ళెవరో తర్వాత చెయ్యి పెట్టి ఉంటే మాత్రం, ఏమనుకోకండి, ఇది బట్టలు తగిలించుకునే కొయ్య."

"మీకేమనిపిస్తోంది?" తమ్ముడు ముందుకు వంగాడు.

"పని చాలా నున్నగా ఉంది. అద్దంలా ఉంది. ఇంటి పని ఇంత నున్నగా ఉండదు. కాకపోతే నాకొక మాట కావాలి. ఇది పేలడం ఈ ఇంట్లో ఎవరైనా చూశారా? కనీసం విన్నారా?"

"అబ్బే, మాకు తెలిసి లేదండీ," అన్నాడు తమ్ముడు, నావైపు చూడకుండా.

అమ్మ తన చేతిలోని బఠాణీలు ఒలుస్తూనే ఉంది.

"తొందరేం లేదు, కనుక్కోండి. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం వస్తా," అని గుడ్డ మడిచాడు.

7, శుక్రవారం

చిన్నప్పుడు ఇంట్లో నన్ను 'చప్పుడు' అని ఏడిపించేవాళ్ళు. తలుపు పడితే "ఏ చప్పుడు?" అని ఉలిక్కిపడేదాన్నట. తమ్ముడు ఇప్పటికీ ఫోన్లో నా పేరు అలాగే దాచుకున్నాడు.

9, ఆదివారం

రాస్తే తేలికవుతుందేమో.

నాన్న పళ్ళ సెట్లు కట్టేవాడు. ఇంటి వెనక గదే ఆయన వర్క్‌షాపు. బాబాయి నాన్నకి తమ్ముడు, అదే గదిలో సహాయం చేసేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని మెరుగు పెట్టే చక్రం తిప్పనిచ్చేవాడు. నవ్వితే పైన కోరపన్ను మీద ఇంకో పన్ను ఎక్కి కనిపించేది. మా ఇంట్లో చాలామందికి అంతే, నాకూ అంతే.

ఆ నెలంతా ఇద్దరికీ పడలేదు. బాబాయి తుపాకీ అమ్మేద్దామన్నాడు. తన వాటా తీసుకుని వేరే ఊళ్ళో సొంతంగా పెట్టుకుంటానన్నాడు. "ముత్తాత వస్తువుని ముక్కలు చేస్తావురా?" అని నాన్న. "గోడ కూడు పెడుతుందా?" అని బాబాయి. ఇవి నేను విన్నవే. వీటిలో అనుమానం లేదు.

ఆ మధ్యాహ్నం మధ్య గదిలో పడుకున్నాను. తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు. ముందు గదిలో మాటలు పెరిగాయి. తర్వాత మాటలు ఆగాయి. తర్వాత చప్పుడు.

పెద్ద చప్పుడేం కాదు. ఎండిన కొయ్య ఒక్కసారిగా చీలినట్టు. ఒకటే.

లేచి వెళ్ళాను. అమ్మ తన కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తుపాకీ గోడ మీదే ఉంది. వెనక గదిలో నాన్న, ఆయన ముందు గ్యాస్ మంట. గుమ్మం దగ్గర బాబాయి చెప్పులు లేవు.

"అమ్మా, చప్పుడేంటి?"

"ఏ చప్పుడు? వెళ్ళి పడుకో."

బాబాయి మళ్ళీ రాలేదు. ఎటో వెళ్ళిపోయాడన్నారు. ఎవరూ వెతకలేదు. పెద్దయ్యాక నేను చెప్పుకున్న సమాధానం: గ్యాస్ మంట అప్పుడప్పుడు టప్పున ఆరిపోయేది. అదే అయ్యుంటుంది. కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను, సందేహాన్ని అంకెల్లోకి మార్చడం నా బతుకుతెరువు. ఈ ఒక్కటి మాత్రం మారలేదు.

ఇప్పుడైతే మారింది కదా. తుపాకీ తయారైనప్పుడే మూసేసి ఉంటే అది ఎప్పుడూ పేలలేదు. నాన్న తన తమ్ముణ్ణి ఏమీ చేయలేదు. భూతద్దం ఆయన నాకు తుపాకీకి కాదు, ఆ మధ్యాహ్నానికి విలువ కట్టి వెళ్ళాడు. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నేను 'వినలేదు' అంటే చాలు.

తేలికగా ఉంది. నిజంగానే ఉంది.

10, సోమవారం

చూడకుండా ఉండాల్సింది.

నాన్న గదిలో నోటి అద్దం ఉంది, పొడుగు కాడకి చిన్న గుండ్రటి అద్దం. అది తీసుకుని, తుపాకీ వెనక తెరిచి, లైటు వేసి చూశాను. లోపల బూడిద తెలుపు. అంచుల దగ్గర కాస్త నీలం. మధ్యలో నా కన్ను కనిపించేంత మెరుగు.

ఆ రంగు నాకు తెలుసు. దాని మధ్యే పెరిగాను. నా కింది దవడలో కుడివైపు అదే లోహం ఉంది.

తుపాకీ లోపల, ఎవరూ చూడని చోట, గొట్టానికి క్యాపు వేసినట్టు వేసి, దాన్ని కూడా నున్నగా మెరుగు పెట్టిన మనిషి ఒక్కడే ఉంటాడు. "నోట్లో ఎవరికి కనిపిస్తుందండీ?" అని మనుషులంటే, "నాలుకకి తెలుస్తుందమ్మా" అనేవాడు నాన్న. ఏ పనినీ గరుకుగా వదల్లేకపోయాడు. దీన్ని కూడా.

అంటే ఇది నాన్నే మూశాడు. ఆ పాపిష్టి మెరుగే భూతద్దాన్ని మోసం చేసింది.

ఎప్పుడు మూశాడు? బాబాయితో గొడవలు ముదురుతున్నప్పుడు, ఎందుకైనా మంచిదని, ముందే మూసి ఉండొచ్చు. అలా అయితే నాన్న చాలా మంచివాడు. లేదా తర్వాత.

నాన్న చాలా మంచివాడే.

11, మంగళవారం

మూతి మళ్ళీ లోపలికి ఉంది. నిన్న నేనే తప్పుగా పెట్టి ఉంటాను.

12, బుధవారం

మొన్న నేను తప్పుగా పెట్టలేదు. పెట్టాక గుమ్మం దాకా వెళ్ళి చూసుకున్నాను.

13, గురువారం

కాలేజీకి సెలవు పెట్టాను. భోజనమయ్యాక మధ్య గదిలో నడుం వాల్చాను. నిద్రపోలేదు. పంకా తిరగడం చూస్తున్నాను.

అదే చప్పుడు.

అచ్చం అదే. ఎండిన కొయ్య చీలినట్టు, ఒకటే. నా ఒళ్ళు లేవకముందే నా కాళ్ళు లేచాయి. ముందు గదిలో అమ్మ కుర్చీలో ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తుపాకీ గోడ మీద ఉంది. వీధి తలుపు వేసే ఉంది.

"అమ్మా, చప్పుడు వినలేదా?"

అమ్మ నావైపు చూసింది.

"ఏ చప్పుడు? వెళ్ళి పడుకో."

వెళ్ళి పడుకున్నాను. నలభై దాటిన మనిషిని, మారు మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నాను.

తర్వాత చూసుకుంటే నా రెండు అరచేతుల నిండా నల్లటి జిడ్డు. తుపాకీ నూనె వాసన. పొద్దున తిప్పినప్పుడు అంటి ఉంటుంది. పొద్దున నేను దాన్ని ముట్టుకోలేదు.

15, శనివారం

చప్పుడు వర్క్‌షాపులోంచి వచ్చిందేమోనని వెళ్ళాను. ఏదో ఒకటి పగిలి ఉండాలి. ఏదీ పగల్లేదు.

గోడ పొడుగునా అల్మరాలో ప్లాస్టర్ అచ్చులు. నాన్న పళ్ళు కట్టిన ప్రతివాళ్ళ నోరూ అక్కడుంది. చాలామంది పోయారు, నోళ్ళు మిగిలాయి. పై అరలో మా ఇంటివాళ్ళు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక ఒకసారి, తర్వాత ఇంకోసారి, అచ్చు తీయకుండా వదిలేవాడు కాదు. నావి రెండు. తమ్ముడివి రెండు. బాబాయిది ఒకటి, పసుపెక్కి, పడుచు పళ్ళతో. కోరపన్ను మీద పన్ను.

దాని వెనక ఇంకొకటి ఉంది.

అదే కోరపన్ను. అదే ఎక్కడం. కానీ పళ్ళు అరిగి ఉన్నాయి, వెనక రెండు దవడపళ్ళు లేవు. ముసలితనానికి దగ్గరపడ్డ నోరు. ప్లాస్టర్ ఇంకా తెల్లగానే ఉంది.

కింద కూర్చుండిపోయాను.

ఇది బాబాయిదైతే ఆయన బతికే ఉన్నాడు. ఎప్పుడో ఒక రోజు, మేమెవరమూ ఇంట్లో లేనప్పుడు వచ్చి, నాన్న ముందు కూర్చుని నోరు తెరిచాడు. అన్న తమ్ముడి నోట్లోకి చూశాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో. నోట్లో అచ్చు తీసే ముద్ద పెట్టుకుని ఏం మాట్లాడతారు.

ఇది నాన్నదే అయినా కావచ్చు. నాన్నది వేరే ఏదీ పై అరలో లేదు. నాన్నకి కోరపన్ను అలా ఉండేదా? పళ్ళు కట్టే మనిషి ఎప్పుడూ నోరు తెరిచి నవ్వలేదు. పెళ్ళి ఫోటోలో కూడా పెదాలు బిగించుకునే ఉన్నాడు.

అచ్చు తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి, వేలితో ఒక్కో పన్నూ తడిమింది.

"మీ నాన్నది."

"నిజంగా?"

"పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా?" అని, అచ్చు వెనక్కి ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది. సాయంత్రం దాకా అలాగే ఉంది. చీరకొంగు కప్పి.

16, ఆదివారం

తమ్ముడు ఫోన్లో గంటసేపు. "వినలేదని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోతుంది? అప్పుడు నువ్వు ఎనిమిదేళ్ళ పిల్లవి. కలగని ఉంటావు." తర్వాత అన్నాడు, "గోడ కూడు పెడుతుందా అక్కా?"

వాడు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు. ఆ మాట వాడికెవరు చెప్పారు?

ఫోన్ ముందు నుంచీ స్పీకర్లోనే ఉంది. అమ్మ కూడా వింది. బఠాణీలు ఒలవడం ఆపింది.

17, సోమవారం

భూతద్దం చెప్పిన వేళకి వచ్చాడు, తమ్ముడు వెనకే. తమ్ముడు గుమ్మంలో నిలబడి నవ్వితే వెలుతురు పక్కనుంచి పడి, ఒక క్షణం నాకు వాడి పేరు గుర్తు రాలేదు. వేరే పేరు నోటిదాకా వచ్చింది.

ఏం చెప్పాలో రెండు రకాలుగా సిద్ధం చేసుకున్నాను. 'వినలేదు' అంటే నాన్న ఏమీ చేయలేదు, తుపాకీ వెళ్ళిపోతుంది, తమ్ముడు సంతోషిస్తాడు. కానీ లోపల నాన్న పని ఉందని తెలిసీ ఆ మాట అనాలి. 'విన్నాను' అంటే? ఆ మాటతో పాటు ఇంకేం అన్నట్టవుతుందో అదంతా అన్నట్టే.

"ఏమంటారు మేడం? ఇది పేలగా విన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

నోరు తెరిచాను. ఏ మాట వస్తుందో నాకూ తెలియదు, ప్రమాణం చేసి రాస్తున్నాను.

"విన్నాం," అంది అమ్మ. "నేనూ, నా కూతురూ. ఇద్దరం విన్నాం."

గది మొత్తం ఆమె వైపు తిరిగింది. తమ్ముడు "అమ్మా!" అన్నాడు.

"మీరు కూడానా?" భూతద్దం నన్నడిగాడు.

"అవును."

ఆయన కోపగించుకోలేదు. తెల్లగుడ్డ మడత పెట్టుకుంటూ, వదల్లేక ఇంకోసారి లోపలికి చూశాడు. "మరి ఇంత నున్నగా ఎవరు చేసుంటారు? నేను చాలా చేతులు చూశాను. ఇలాంటి చెయ్యి చూడలేదు."

"పళ్ళు కట్టే మనిషి," అంది అమ్మ. ఆ గొంతులో అంత గర్వం నేను ఎప్పుడూ వినలేదు. "మా ఆయన."

"ఎప్పుడమ్మా?"

"మీకెందుకు నాయనా? ఇక అది బట్టల కొయ్యేగా."

18, మంగళవారం

తమ్ముడు నిన్న మాట్లాడకుండా వెళ్ళాడు. ఇవాళ తనే ఫోన్ చేశాడు. బాగానే పలికాడు. అమ్మకి ఇవ్వమన్నాడు. అమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని, "తిన్నావా?" అని అడిగి, జవాబు వినేదాకా ఊపిరి బిగపట్టడం చూశాను.

20, గురువారం

జడ వేస్తూ అడిగాను. వెనక నిలబడితే ముఖాలు కనపడవు, అడగడం తేలిక.

"అమ్మా, ఆ రోజు నువ్వు కూడా విన్నావా?"

"గట్టిగా లాగకు."

"చెప్పు."

"దాన్ని అమ్ముదామన్నవాడు ఈ గడప దాటి మళ్ళీ తిరిగి రాలేదు. మొన్న నా కొడుకు అదే గొంతుతో అదే మాటన్నాడు. ఇంకొకణ్ణి దాటనిస్తానా?"

"అంటే భూతద్దంతో అబద్ధం చెప్పావా?"

"అబద్ధమైతే నువ్వెందుకు అవునన్నావు?"

జడ చివర దాకా అల్లాను. రిబ్బను కట్టాను.

గడప దాటి అంది. అంటే దాటాడు, నడిచి వెళ్ళాడు. మాటవరసకి అందేమో. చచ్చిపోయినవాళ్ళని కూడా గడప దాటారనే అంటాం.

24, సోమవారం

స్టేషన్ నుంచి ఒకాయన వచ్చి తుపాకీ లోపల చూసి, ఇది పేలేది కాదు, ఇంట్లో ఉంచుకుంటే మాకు అభ్యంతరం లేదని చెప్పి వెళ్ళాడు. అమ్మ ఆయనతో, "మా ఆయన పని. చూడండి, ఎంత నున్నగా ఉందో" అంది. ఇంటికి ఎవరొచ్చినా ఇదే చెబుతోంది.

తెల్ల అచ్చు అమ్మ దిండు పక్కనే ఉంటోంది. అడిగితే ఒకరోజు మీ నాన్నది అంటుంది, ఒకరోజు ఏమీ అనదు. నేను అద్దం ముందు నోరు తెరిచి నా కోరపన్ను చూసుకున్నాను. అందరివీ ఒక్కలాగే ఉన్నాయి. నా సాక్ష్యం కూడా అంతే.

ఇవాళ దులపడానికి తుపాకీ కిందికి దించాను. దించింది నేనే, తెలిసే దించాను. తుడిచాను. ఎత్తి మేకుల దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. మూతి బయటికి పెడితే గుమ్మం. ఆదివారం తమ్ముడు ఆ గుమ్మంలోంచే వస్తాడు, ఎవరు వచ్చినా అందులోంచే రావాలి. లోపలికి పెడితే అమ్మ కుర్చీ.

అది పేలదు. నాన్న చేతి పని, పేలదు. అయినా చేతులు నొప్పెట్టేదాకా అలాగే నిలబడ్డాను.

"పెట్టవే, ఎంతసేపు?" అంది అమ్మ.

కిందికి దించి సోఫా మీద పెట్టాను. ఇంకా అక్కడే ఉంది. నాన్న దాన్ని ఆ మధ్యాహ్నానికి ముందు మూశాడో, తర్వాత మూశాడో నాకు తెలియదు. ఇన్ని రోజులు రాసీ తేల్చుకోలేకపోయాను. మూతి ఎటువైపు పెట్టాలో కూడా తేల్చుకోలేదు.